లేని విమానానికి లెక్క తప్పని మోడల్
పాఠకుల ప్రశ్నలు – జవాబులు

ఏ దేశపు వైమానిక దళంలోనూ లేని, తాము సొంతంగా ఊహించుకున్న స్టెల్త్ (రాడార్‌కు చిక్కని) యుద్ధవిమానానికి స్కేల్ మోడల్ తయారు చేయాలనుకుంటున్న పాఠకుల నుంచి కొంతకాలంగా ఉత్తరాలు వస్తున్నాయి. ఈసారి శీర్షిక మొత్తాన్ని వారికే కేటాయిస్తున్నాం.

ప్రశ్న: అసలు లేని విమానానికి స్కేల్ ఎక్కడి నుంచి వస్తుందని నా మిత్రులు ఎగతాళి చేస్తున్నారు. ఇలాంటి మోడళ్లను ఇంతకు ముందు ఎవరైనా చేశారా? – ఇంజనీరింగ్ విద్యార్థి, కాకినాడ

చేయడమే కాదు, దుకాణాల్లో పెట్టి విపరీతంగా అమ్మారు కూడా. అమెరికాకు చెందిన టెస్టర్స్ అనే కిట్ల కంపెనీ 1986లో ‘ఎఫ్-19 స్టెల్త్ ఫైటర్’ పేరుతో 1/48 స్కేల్‌లో, అంటే అసలు కొలతల్లో 48వ వంతుగా, ఒక ప్లాస్టిక్ కిట్ విడుదల చేసింది. ఆ పేరుతో ఏ విమానమూ లేదు. అయితే అమెరికా యుద్ధవిమానాల వరుసలో ఎఫ్-18 తరువాత నార్త్‌రప్ సంస్థ తన విమానానికి ఎఫ్-20 అన్న పేరు తీసుకోవడంతో మధ్యలో 19 ఖాళీగా మిగిలిపోయింది. ప్రభుత్వం రహస్యంగా దాచిన రాడార్‌కు చిక్కని విమానం అదే అయి ఉంటుందని పత్రికలు, ఔత్సాహికులు గట్టిగా నమ్మారు. టెస్టర్స్‌లో డిజైనరుగా పనిచేసిన జాన్ ఆండ్రూస్ బహిరంగంగా దొరికే సమాచారాన్ని మాత్రమే పోగుచేసి, అంతకు ముందు లాక్‌హీడ్ అనే విమాన సంస్థ తయారుచేసిన ఎస్.ఆర్.-71 నిఘా విమానం తీరును ఆధారం చేసుకుని, అంచులన్నీ గుండ్రంగా తిరిగి, జంట తోకలు లోపలికి వంగి ఉన్న ఒక నల్లని విమానాన్ని రూపొందించారు.

అసలు విమానం అప్పటికే అయిదేళ్లుగా ఎగురుతోంది. దాని పేరు ఎఫ్-117. అది మొదటిసారి ఎగిరింది 1981 జూన్ 18న, అమెరికా రక్షణ శాఖ దాని ఉనికిని ఒప్పుకుని ఒక మసక ఫొటో విడుదల చేసింది 1988 నవంబరు 10న. ఆ ఫొటో చూసిన వారికి తెలిసిందేమిటంటే, దానిలో గుండ్రని అంచు ఒక్కటి కూడా లేదు. చెక్కిన వజ్రంలాగా అంతా చదును పలకలే, తోకలు కూడా బయటికి వాలి ఉన్నాయి. ఇంకా విచిత్రం, అదే టెస్టర్స్ కంపెనీ 1987లో సోవియట్ స్టెల్త్ విమానం ఇలా ఉండవచ్చునంటూ ‘మిగ్-37’ అనే మరో ఊహా విమానాన్ని పలకలు పలకలుగా రూపొందించి అమ్మింది. శత్రుదేశానికి కట్టిపెట్టిన ఆ ఊహే అమెరికా అసలు రహస్యానికి ఎఫ్-19 కన్నా దగ్గరగా వచ్చింది.

ఇక మీ మిత్రుల ప్రశ్న. లేని విమానానికి స్కేల్ రావాలంటే లోపల కూర్చునే మనిషి, వెనుక ఉండే ఇంజను, పొట్టలో దాచే బాంబు నిజమైన కొలతల్లో ఉండాలి. ఆ మూడింటినీ ఒకే నిష్పత్తిలో తగ్గించి, వాటి చుట్టూ విమానాన్ని అల్లుకుంటూ వస్తే అది స్కేల్ మోడలే అవుతుంది. వాటిని పట్టించుకోకుండా అందంగా గీసి కోస్తే మిగిలేది బొమ్మ.

ప్రశ్న: ఎఫ్-19 మోడల్ వల్ల అమెరికా చట్టసభలో పెద్ద దుమారం రేగిందని చదివాను. నిజమేనా? – విశ్రాంత ఉపాధ్యాయుడు, నిజామాబాద్

నిజమే. 1986లో లాక్‌హీడ్ సంస్థలో రహస్య పత్రాలకు లెక్క తేలడం లేదన్న ఆరోపణ మీద ప్రతినిధుల సభ ఉపసంఘం విచారణ జరుపుతున్న సమయంలోనే ఈ కిట్ దుకాణాల్లోకి వచ్చింది. సభ్యులకు కూడా చూపించని విమానం పిల్లల ఆటవస్తువుల అరల్లో ఎలా కనిపిస్తోందని రాన్ వైడెన్ అనే సభ్యుడు నిలదీశారు. అదే ఏడాది జులై 11న కాలిఫోర్నియాలోని సెకోయా అడవిలో ఒక ఎఫ్-117 కూలి పైలట్ మరణించినప్పుడు ఆ ప్రాంతాన్నంతా దిగ్బంధించడంతో అనుమానాలు మరింత ముదిరాయి. ఈ సందడి అంతా కిట్ అమ్మకాలకే కలిసివచ్చింది. మోడల్ తప్పుగా ఉండడం, తప్పుగా ఉన్నా అందరూ నమ్మడం రక్షణ శాఖకు ఇబ్బంది కలిగించి ఉండదని నా అభిప్రాయం.

ప్రశ్న: నా విమానం రూపం ఎలా నిర్ణయించుకోవాలి? ఎఫ్-117 మూలలు మూలలుగా ఉంటే బి-2 బాంబర్ నున్నగా ఒంపులు తిరిగి ఉంటుంది. రెండూ స్టెల్త్ విమానాలే కదా, ఏది సరైనది? – డిగ్రీ విద్యార్థిని, హనుమకొండ

రెండూ సరైనవే. తేడా అవి గీసిన కాలంలో ఉంది. అందుకే కాగితం మీద మొదటి గీత గీయకముందే, మీ ఊహాలోకంలో ఆ విమానాన్ని ఏ సంవత్సరంలో రూపొందించారో నిర్ణయించుకోండి. ఈ ఒక్క నిర్ణయం మీదే మిగతా రూపమంతా ఆధారపడుతుంది.

రాడార్ పంపిన తరంగం విమానానికి తగిలి వచ్చిన దారినే వెనక్కి వెళితే విమానం దొరికిపోతుంది. వాలుగా ఉన్న చదును పలక దాన్ని మరో దిక్కుకు మళ్లిస్తుంది. సోవియట్ శాస్త్రవేత్త ప్యోతర్ ఉఫీమ్‌త్సెవ్ అంచుల దగ్గర తరంగాలు ఎలా చెదురుతాయో లెక్కకట్టి 1962లో ప్రచురించిన సిద్ధాంతాన్ని లాక్‌హీడ్‌కు చెందిన డెనిస్ ఓవర్‌హోల్సర్ 1970లలో అందుకుని, ఒక ఆకారం రాడార్‌కు ఎంత కనిపిస్తుందో ముందే చెప్పగల ప్రోగ్రాం రాశారు. ఆనాటి కంప్యూటర్లకు చదును పలకలను లెక్కించే శక్తి ఉందే తప్ప ఒంపులను లెక్కించే శక్తి లేదు. అందువల్లనే 1977 డిసెంబరు 1న ఎగిరిన ‘హావ్ బ్లూ’ అనే ప్రయోగ విమానమూ, దాని తరువాత వచ్చిన ఎఫ్-117 కూడా పలకలుగా ఉన్నాయి. కంప్యూటర్లు ఎదిగాక, ఎక్కడికక్కడ వంపు మారుతూ పోయే ఉపరితలాలను కూడా లెక్కించడం సాధ్యమై 1989 జులైలో మొదటిసారి ఎగిరిన బి-2 వంటి నున్నని విమానాలు వచ్చాయి. కాబట్టి 1978 నాటి ఊహా విమానం నున్నగా ఉన్నా, 2030 నాటిది పలకలుగా ఉన్నా, తెలిసినవారికి అది అక్కడికక్కడే పొసగదు.

కాలం ఏదైనా మారని నియమం అంచులది. ప్రతి పొడవైన అంచు తనకు లంబంగా ఉన్న దిక్కుకు ఒక మెరుపులా తరంగాన్ని తిప్పికొడుతుంది. దాన్ని పూర్తిగా మాన్పించలేరు కనుక, అంచులన్నింటినీ రెండు మూడు దిక్కులకే సమాంతరంగా అమర్చి, మెరుపులన్నీ ఆ కొద్ది దిక్కులకే పోయేలా చూస్తారు. బి-2ను పైనుంచి చూస్తే రెక్కల ముందు అంచులు, వెనుక రంపపు పళ్లలా ఉన్న అంచులు అన్నీ రెండే దిశల్లో ఉంటాయి. అమెరికా స్టెల్త్ యుద్ధవిమానం ఎఫ్-22లో రెక్క ముందు అంచు, తోక ముందు అంచు రెండూ 42 డిగ్రీల వాలులో ఉంటాయి. మీరు చేయవలసింది ఇదే: విమానాన్ని పైనుంచి చూసే చిత్రంలో రెండు కోణాలు ఎంచుకోండి. ఆ తరువాత రెక్క, తోక, గాలి లోపలికి పోయే ద్వారం పెదవి, చక్రాల తలుపుల పళ్లు, ఇంజను వెనుక నోరు, ఏ అంచు గీసినా ఆ రెండింటిలో ఒకదానికి సమాంతరంగా స్కేలు జరిపి గీయండి. ముందు నుంచి చూసే చిత్రంలో కూడా నిటారు గోడ ఎక్కడా ఉండకూడదు. దేహం పక్కలు ఏ వాలులో ఉంటే తోకలు కూడా ఆ వాలులోనే ఉండాలి.

ఊహాచిత్రాల్లో ఎక్కువగా కనిపించే పొరపాటు గాలి ద్వారంలో నుంచి ఇంజను పంఖా నేరుగా కనిపించడం. తిరిగే పంఖా రాడార్‌కు దొరికే మొదటి ఆనవాలు. ఎఫ్-117లో ఆ ద్వారాలకు సన్నని జల్లెడ బిగించారు, తరువాతి విమానాల్లో గాలి మార్గాన్నే మెలితిప్పారు. మీ మోడల్‌లో మార్గం నాలుగు సెంటీమీటర్లు లోపలికి వెళ్లి ఒంపు తిరిగి చీకట్లో కలిసిపోతే చాలు, పంఖా తయారుచేసే శ్రమ కూడా తప్పుతుంది.

ప్రశ్న: 1/72 మంచిదా, 1/48 మంచిదా? – ప్రైవేటు ఉద్యోగి, గుంటూరు

ఎఫ్-117 పొడవు సుమారు 20 మీటర్లు, రెక్కల వెడల్పు 13.2 మీటర్లు. 1/72లో అది 28 సెంటీమీటర్ల పొడవు, 18 సెంటీమీటర్ల వెడల్పు, 1/48లో 42 సెంటీమీటర్ల పొడవు, 27 సెంటీమీటర్లకు పైగా వెడల్పు అవుతుంది. మీ ఇంటి అల్మరా అర లోతు కొలుచుకుని తేల్చుకోండి. మొదటిసారి చేసేవారికి నేను 1/72 చెబుతాను, ఎందుకంటే ఆ స్కేల్‌లో నిజ విమానాల కిట్లు విరివిగా దొరుకుతాయి కనుక పక్కన పెట్టి పోల్చుకోవచ్చు, విడిభాగాలు తెచ్చుకోవచ్చు.

అయితే స్కేల్ ఎంచుకోవడం కన్నా దానికి లోబడి ఉండడం కష్టం. అయిదడుగుల తొమ్మిది అంగుళాల పైలట్ 1/72లో రెండున్నర సెంటీమీటర్లకు కాస్త తక్కువ ఎత్తు ఉంటాడు. అతన్ని కూర్చోబెట్టి, కింద ఎజెక్షన్ సీటు (ప్రమాదంలో పైలట్‌ను బయటికి విసిరే సీటు), కాళ్ల కింద నేల, దాని కింద ముందు చక్రం ముడుచుకునే గది, తల మీద అద్దం పెట్టి చూడండి. మీరు గీసిన సన్నని ముక్కు కనీసం రెట్టింపు లావు కావలసి వస్తుంది. ఎఫ్-117లో వాడిన ఎఫ్-404 తరగతి ఇంజను వ్యాసం సుమారు 89 సెంటీమీటర్లు, అంటే 1/72లో 12 మిల్లీమీటర్లకు పైగా. అంత లావు గొట్టం ముక్కలు రెండు దేహంలో పట్టాలి. ఆ విమానం పొట్టలో సుమారు 900 కిలోల తరగతి లేజర్ బాంబులు రెండు పక్కపక్కన పెట్టుకునేది. ఒక్కో బాంబు పొడవు 4 మీటర్లకు పైమాటే, 1/72లో ఆరు సెంటీమీటర్లకు దగ్గర. స్టెల్త్ విమానం రెక్కల కింద ఆయుధాలు వేలాడదీస్తే దాని రూపానికి పడ్డ శ్రమంతా వృథా అవుతుంది కనుక ఈ గది తప్పనిసరి. ఇవన్నీ పోగా ఇంధనానికి చోటు మిగలాలి. ఊహా విమానాలు చాలావరకు ఇక్కడే, ఆ పలుచని నడుం దగ్గరే దొరికిపోతాయి.

ప్రశ్న: ఏ పదార్థంతో కట్టాలి? థర్మాకోల్‌తో చేయబోతే జిగురు వేసిన చోట కరిగిపోయింది. – ఇంటర్ విద్యార్థి, కడప

థర్మాకోల్ మీద సూపర్ గ్లూ గానీ మామూలు స్ప్రే రంగు గానీ పడితే కరుగుతుంది. దానికి తెల్లని ఫెవికాల్, నీటితో కలిపే ఆక్రిలిక్ రంగులే వాడాలి. కానీ పలకల విమానానికి థర్మాకోల్ పనికిరాదు, ఎంత జాగ్రత్తగా కోసినా అంచు పదునుగా నిలవదు. మీకు కావలసింది స్టైరీన్ ప్లాస్టిక్ షీటు: అస్థిపంజరానికి ఒక మిల్లీమీటరు మందం, పైన తొడిగే చర్మానికి అర మిల్లీమీటరు.

షీటు జోలికి వెళ్లేముందు పాత శుభలేఖల అట్టతో ఒక నమూనా కట్టండి. దీనివల్ల ఒక ముఖ్యమైన విషయం చేతికి తెలుస్తుంది. మూడు మూలల పలక ఎలా కోసినా చదునుగానే కూర్చుంటుంది, ఎందుకంటే ఏ మూడు బిందువులైనా ఒకే తలంలో ఉంటాయి. నాలుగు మూలల పలకలో నాలుగో మూల ఒక మిల్లీమీటరు పైకి లేచినా పలక మెలితిరుగుతుంది, అతికించాక ఒక మూల పొంగుతుంది. కాగితం మీద నాలుగు మూలలుగా కనిపించిన చోట అట్ట మొండికేస్తే, ఆ పలకను ఒక మూల నుంచి ఎదుటి మూలకు విడగొట్టి రెండు త్రిభుజాలుగా చేయండి. అలా అట్టతో అన్నీ సరిపోయాక ముక్కలు విప్పి, వాటిని అచ్చుగా పెట్టుకుని ప్లాస్టిక్ కోయండి.

నిర్మాణం ఇలా సాగుతుంది. విమానం మధ్యగా ముక్కు నుంచి తోక దాకా ఒక నిలువు వెన్నుపలక, పైనుంచి చూసే చిత్రం ఆకారంలో ఒక అడ్డపలక, వాటికి అడ్డంగా ప్రతి మూడు నాలుగు సెంటీమీటర్లకు ఒక కోతపలక, అన్నింటికీ గాడి తీసి ఒకదానిలో ఒకటి కూర్చోబెట్టి, ఏదీ పక్కకు వాలలేదని మూలమట్టంతో చూసుకున్నాకే జిగురు పెట్టాలి. చర్మం తొడిగేటప్పుడు రెండు పలకలు కలిసే గీత మీద షీటును పూర్తిగా కోయకుండా కత్తితో సగం లోతు మాత్రమే గీసి, గీత బయటి వైపు ఉండేలా మెల్లగా వంచండి. మడత పదునుగా తిరుగుతుంది, లోపలి వైపు సన్నని పట్టీ అతికిస్తే మళ్లీ విచ్చుకోదు. రెండు విడి ముక్కలను అంచుకు అంచు చేర్చి పుట్టీతో పూడ్చడం కన్నా ఇది ఎన్నో రెట్లు మేలు.

అతికించడానికి ప్లాస్టిక్ మోడళ్ల కోసం అమ్మే పలుచని ద్రవ సిమెంటు వాడండి. అది ప్లాస్టిక్‌ను కాస్త కరిగించి రెండింటినీ ఒకటి చేస్తుంది, సూపర్ గ్లూలా పెళుసుగా విరగదు. ఆ ఆవిరి మంచిది కాదు, కిటికీలు తెరిచి, పంఖా గాలి బయటికి పోయేలా కూర్చుని పని చేయండి. అరగదీసేటప్పుడు నీటి కాగితాన్ని (తడిపి రుద్దే గరుకు కాగితాన్ని) వేళ్లతో పట్టి రుద్దవద్దు. వేలు మెత్తనిది, అది అంచును గుండ్రంగా అరగదీస్తుంది. చదునైన చెక్కముక్కకు కాగితం చుట్టి, 400 నంబరుతో మొదలుపెట్టి 600, 1000 దాకా నీళ్లు చల్లుకుంటూ రుద్దండి. స్టెల్త్ మోడల్‌లో అంచు పోతే అంతా పోయినట్టే.

ప్రశ్న: నిజ విమానాల కిట్ల నుంచి భాగాలు తీసి నా విమానానికి వాడితే అది మోసం కాదా? – గృహిణి, విజయవాడ

అసలు ఎఫ్-117 నే అలా కట్టారు. దానికి ఇంజన్లు ఎఫ్-18 కుటుంబం నుంచి, విద్యుత్ సంకేతాలతో విమానాన్ని నడిపే వ్యవస్థ ఎఫ్-16 నుంచి వచ్చాయి. కొత్త రూపం మీదే దృష్టి పెట్టడానికి, ఖర్చు తగ్గడానికి, గుట్టు బయటపడకుండా ఉండడానికి అది ఉపయోగపడింది. కనుక మీరు కూడా చక్రాలు, వాటి కాళ్లు, ఎజెక్షన్ సీటు, కాక్‌పిట్ పరికరాల పలక ధైర్యంగా అరువు తెచ్చుకోండి. చూసేవారికి ఎక్కడో చూసినట్టున్న చక్రం కనబడితే మిగతా విమానాన్ని నమ్మడం తేలికవుతుంది. అరువు తెచ్చే విమానం బరువు మీ విమానం బరువుకు దగ్గరగా ఉండాలన్నదే షరతు. శిక్షణ విమానం చక్రాల మీద బాంబర్ నిలబడదు.

ప్రశ్న: నా దగ్గర త్రీడీ ప్రింటర్ ఉంది. ఈ కోతలు, మడతలు అన్నీ మానేసి నేరుగా ప్రింట్ చేయవచ్చా? – సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, డల్లాస్

చేయవచ్చు. కానీ తీగ కరిగించి పొరలు పేర్చే ప్రింటర్లకు కొద్దిపాటి వాలు ఉన్న పెద్ద పలకలంటే పడదు. అటువంటి పలక మీద ప్రతి పొరా ఒక మెట్టులా కనిపిస్తుంది, స్టెల్త్ విమానం నిండా ఉండేవి సరిగ్గా అవే పలకలు. దేహాన్ని మధ్యకు నిలువుగా చీల్చి, సగాలను ముక్కు పైకి వచ్చేలా నిలబెట్టి ప్రింట్ చేస్తే మెట్లు చాలావరకు తగ్గుతాయి. ద్రవాన్ని వెలుతురుతో గట్టిపరిచే రెసిన్ ప్రింటరైతే పొరలు ఇంకా సన్నగా వస్తాయి, కానీ పలుచని రెక్కలు ఆరేటప్పుడు వంగిపోతాయి కనుక రెక్కలో ఒక లోహపు తీగ దూర్చే గాడి ముందే గీసిపెట్టుకోండి. నా సలహా మధ్యేమార్గం: చక్రాల గదులు, సీటు, ఇంజను నోరు వంటి చిక్కు భాగాలు ప్రింటరుకు, పెద్ద పలకలు ప్లాస్టిక్ షీటుకు వదిలేయండి. చదునైన పలక కావాలంటే ముందే చదునుగా ఉన్న షీటును మించినది లేదు.

ప్రశ్న: ఎంతో శ్రమపడి కట్టి నల్లరంగు కొడితే ప్లాస్టిక్ బొమ్మలాగానే ఉంది. పైగా రెండోసారి స్ప్రే చేసినప్పుడు తెల్లని పొర కట్టింది. ఎక్కడ తప్పుతోంది? – బ్యాంకు ఉద్యోగి, విశాఖపట్నం

తెల్లని పొర సంగతి ముందు చూద్దాం. మీ ఊరి గాలిలో తేమే దానికి కారణం. స్ప్రేలోని ద్రావకం వేగంగా ఆవిరవుతూ ఉపరితలాన్ని చల్లబరుస్తుంది, గాలిలోని తేమ అక్కడ చేరి రంగు ఆరేలోపు దానిలో చిక్కుకుంటుంది. వానాకాలంలో, సముద్రపు గాలి వీచే సాయంత్రాల్లో లాకర్ స్ప్రేలు వాడకండి. ఎండ బాగా కాసే పగటిపూట, పొడిగా ఉన్న గదిలో, పలుచని పూతలుగా కొట్టండి. ఇప్పటికే పట్టిన పొర తేలికదైతే, పొడి వాతావరణంలో అదే రంగు మరో పలుచని పూత వేస్తే చాలాసార్లు పోతుంది.

బొమ్మలా కనిపించడానికి కారణాలు వేరే. ఎఫ్-117కు వేసింది మెరుపు లేని నలుపే, అమెరికా రంగుల పట్టికలో దాని సంఖ్య 37038. కానీ అదే నలుపును మోడల్‌కు యథాతథంగా వేస్తే ఎక్కువైపోతుంది. 1/72 మోడల్‌ను రెండడుగుల దూరం నుంచి చూడడమంటే అసలు విమానాన్ని 144 అడుగుల దూరం నుంచి చూడడమే. అంత దూరంలో మధ్యనున్న గాలి నలుపును కొంత బూడిదగా మారుస్తుంది. అందుచేత నలుపులో ముదురు బూడిదరంగు కలిపి వేయండి, 36118 అనే గన్‌షిప్ బూడిద ఇందుకు బాగా పనికివస్తుంది. తరువాత కొన్ని పలకలకు ఒకింత ఎక్కువ బూడిద, కొన్నింటికి ఒకింత గోధుమ ఛాయ కలిపి, దగ్గరికి వెళ్లి చూస్తేగానీ తెలియనంత తేడాతో మళ్లీ పైపైన కొట్టండి. రాడార్ తరంగాలను పీల్చే పూతను మరమ్మతుల కోసం తీసి మళ్లీ వేస్తూ ఉంటారు కనుక నిజ విమానాల మీద ఇలాంటి అతుకులు సహజం. అన్నింటి మీదా మెరుపు లేని వార్నిష్ తప్పనిసరి.

ఇంకొకటి, మీరు పంపిన ఫొటోలో పలకల మధ్య గీతలు చాలా లోతుగా, వెడల్పుగా చెక్కారు. అర మిల్లీమీటరు గీతను 72తో గుణిస్తే 3.6 సెంటీమీటర్లు. అంత సందు ఉన్న విమానాన్ని రాడార్ మాట అటుంచి, వానలో బయట నిలబెట్టడానికి కూడా మెకానిక్ ఒప్పుకోడు. స్టెల్త్ విమానాల్లో సందులను పూడ్చి, పైన పట్టీ వేసి, పూత పూస్తారు. కనుక చెక్కడం మానేసి, మామూలుగా తెరవని పలకల సరిహద్దులను ముదురు రంగు పెన్సిలుతో లేతగా గీయండి. తరచూ తెరిచే తలుపులను మాత్రమే సూదిమొనతో ఒక్కసారి గీయండి, వాటి ముందు వెనుక అంచులకు రంపపు పళ్లు పెట్టడం మరచిపోకండి.

కాక్‌పిట్ అద్దాన్ని కూడా పట్టించుకోండి. రాడార్ తరంగం లోపలికి దూరి పైలట్ శిరస్త్రాణం మీద, పరికరాల మీద పడి తిరిగి రాకుండా ఎఫ్-117 అద్దాలకు బంగారంతో కూడిన పలుచని పూత వేశారు. పారదర్శక పసుపు రంగులో చుక్క గోధుమరంగు కలిపి అద్దం లోపలి వైపు వేస్తే ఆ ఛాయ వస్తుంది.

ప్రశ్న: భారత నౌకాదళం కోసం ఊహించిన స్టెల్త్ విమానం కట్టాలని ఉంది. ఏయే జాగ్రత్తలు తీసుకోవాలి? – నౌకాశ్రయ ఉద్యోగి కుమారుడు, విశాఖపట్నం

ఊహకు ఊతం ఇచ్చేంత వాస్తవం ఇప్పుడు మన దగ్గరే ఉంది. వైమానిక దళం కోసం ఆమ్కా అనే స్టెల్త్ యుద్ధవిమానాన్ని రూపొందించి నమూనాలు తయారుచేసే పథకానికి 2024 మార్చిలో కేంద్ర మంత్రివర్గ భద్రతా కమిటీ ఆమోదం తెలిపింది. విమానవాహక నౌక ఐ.ఎన్.ఎస్. విక్రాంత్ 2022 సెప్టెంబరు 2న నౌకాదళంలో చేరింది, 2023 ఫిబ్రవరిలో తేజస్ నౌకాదళ నమూనా దాని మీద దిగింది. మీ విమానం ఆ నౌకకే అని అనుకుంటే దాని పరిమితులన్నీ మీ రూపకల్పనకు వచ్చి చేరతాయి. విక్రాంత్ ముందుభాగం పైకి వంగిన ఏటవాలు కనుక విమానం సొంత ఇంజన్ల బలంతోనే లేవాలి, అంటే ఇంజను నోళ్లు పెద్దవిగా ఉండాలి. దిగేటప్పుడు డెక్ మీది తీగను పట్టుకునే కొక్కెం కావాలి, కానీ అది బయట వేలాడితే రాడార్‌కు కనిపిస్తుంది. అమెరికా నౌకాదళపు స్టెల్త్ విమానం ఎఫ్-35సి లో దాన్ని తలుపుల వెనుక దాచారు, మీరూ అదే చేయండి. చక్రాల కాళ్లు ఆమ్కా వంటి నేల విమానాలకన్నా లావుగా, గట్టిగా కనిపించాలి.

రెక్కల మడత అన్నింటికన్నా చిక్కు. నౌకలో చోటు కోసం ఎఫ్-35సి తన 13.1 మీటర్ల రెక్కలను 9.1 మీటర్లకు మడుచుకుంటుంది. మడత కీలు ఎక్కడ పెట్టినా ఉపరితలం మీద ఒక గీత, ఒక చిన్న ఉబ్బు తప్పవు. ఆ గీతను విమానం మధ్యరేఖకు సమాంతరంగా ఒకే తిన్నని గీతగా వదలకుండా, మీరు ముందే ఎంచుకున్న రెండు కోణాల్లోనే పళ్లు పళ్లుగా నడపండి. మోడల్‌లో ఒక రెక్కను మడిచి, రెండో దాన్ని తెరిచి చూపవచ్చునని కొందరు అంటారు. అలా రెండు రెక్కలు రెండు తీరుగా నిలిపిన విమానం డెక్ మీద కన్నా మరమ్మతుల షెడ్డులోనే నప్పుతుంది కనుక, రెండూ మడిచి పెట్టడమే నాకు నచ్చుతుంది.

మీరు ఉండే ఊళ్లోనే ఆర్.కె. బీచ్ ఒడ్డున టి.యు.-142 విమాన ప్రదర్శనశాల ఉంది. అది స్టెల్త్ విమానం కాదు, 50 మీటర్ల రెక్కలున్న పాత నిఘా విమానం. అయినా చక్రాల గదిలో గొట్టాలు ఎలా పరుగెడతాయో, తలుపు మందం ఎంతో, రంగు ఎక్కడ ముందుగా వెలుస్తుందో దగ్గర నుంచి చూడడానికి అంతకన్నా మంచి చోటు దొరకదు. ఒక స్కేలు వెంట తీసుకెళ్లి, తలుపు పక్కన పట్టుకుని ఫొటో తీసుకోండి, ఆ కొలతలను 72తో భాగించి మీ షీటు మందంతో పోల్చుకోండి. చిహ్నాల విషయంలో స్టెల్త్ విమానం మీద ముదురు రంగుల వలయాలు పెట్టకండి, దేహం రంగుకన్నా ఒక ఛాయ మాత్రమే తేడా ఉన్న బూడిదరంగులో చిన్నగా వేయండి. వరుస సంఖ్య రాసేటప్పుడు నిజంగా ఎగురుతున్న ఏ విమానానిదీ కాని సంఖ్యను ఎంచుకోండి.